దోసపాదు మీద పెట్టి

జూన్ 11

అక్కకు,

నీ ఉత్తరం అందింది. పదకొండు పేజీలు. మరమ్మతుకు వచ్చిన ఉత్తరాల త్రాసు ఒకటి బల్ల మీదే ఉంటే దానిమీద పెట్టి చూశాను. నలభై ఏడు గ్రాములు. అందులో నా ఆరోగ్యం గురించి అడిగిన వాక్యం ఎంత తూగుతుందో చెప్పాలంటే ఇంకా సున్నితమైన త్రాసు కావాలి.

నేను బాగానే ఉన్నాను. దుకాణం నడుస్తోంది. మీ అమ్మాయి కాలు పూర్తిగా అతుక్కుందని, ఎక్స్‌రేలు తీసే పనిలోకి ఎప్పట్లాగే వెళ్తోందని రాశావు. సంతోషం. మూడు వారాలు సాయం చేసి వస్తానని వెళ్ళిన నువ్వు ఐదో నెలలో కూడా అక్కడే ఉన్నావంటే ఆ కాలును ఎంత శ్రద్ధగా అతికించి ఉంటావో ఊహించగలను.

ఇక్కడ విశేషం ఒకటే. దుకాణం వెనక కిటికీ కింద పాత రంగుడబ్బాలో దోసగింజ మొలిచింది. నేను వెయ్యలేదు. తిని ఊసిన గింజ అయి ఉంటుంది. ఇప్పుడు కిటికీ ఊచలదాకా వచ్చింది. ఆకు పక్కనుంచి సన్నటి దారంలాంటి నులితీగ ఒకటి బయటికి వస్తుంది. పాదు దేన్నైనా పట్టుకునేది దాంతోనే. నిన్న పదింటికి త్రాసు రాళ్ళు ఎత్తే పట్టకారుతో దాని లోపలివైపు మెల్లగా రుద్దాను. రెండు నిమిషాల్లో కొస కొక్కెంలా వంగింది. పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు కాబట్టి పదకొండున్నరకు మళ్ళీ నిటారుగా అయింది.

తర్వాత రెండు మిల్లీగ్రాముల నూలుపోగు తుంచి, వంచి, దానిమీద వేలాడదీశాను. దానికీ వంగింది. నా దుకాణంలో రెండు మిల్లీగ్రాములకు కదిలే త్రాసు ఒకటే ఉంది. దానికి గాజుపెట్టె కావాలి, గాలి తగలకూడదు, నేను ఊపిరి బిగబట్టాలి. ఊసిన గింజకు ఇవేవీ అక్కర్లేదు. ముప్పై ఏళ్ళ పనిమీద గౌరవం కొంచెం తగ్గింది.

మిగతా విషయాలు ఏమీ లేవు.

నీ తమ్ముడు


జూన్ 16

ఒరేయ్ ముంగీ,

చిన్నప్పుడు నీకు ఆ పేరు పెట్టినవాళ్ళకు దణ్ణం పెట్టాలి. నాలుగు నెలల తర్వాత ఒక ఉత్తరం రాశావు, అందులో సగం దోసపాదు. నేను అడిగినవి ఏమిటి? కళ్ళు పరీక్ష చేయించుకున్నావా, ఆ చిరిగిన స్వెట్టరు పారేశావా, వంట నువ్వే చేసుకుంటున్నావా. వచ్చిన జవాబు ఏమిటి? నులితీగకు దురద పుట్టింది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి యాభై నాలుగో ఏట కిటికీ దగ్గర కూర్చుని మొక్కకు చక్కిలిగింతలు పెడుతున్నాడని బయట చెప్పకు. త్రాసు బాగుచేయించుకోవడానికి ఎవరూ రారు.

ఇక్కడ నాకు తీరిక అనేది లేదు. ఈ ఇంటికి నేను వచ్చేనాటికి ఉప్పు డబ్బా మీద "టీ" అని రాసి ఉండేది, టీ డబ్బా మీద ఏమీ రాసి లేదు. ఇప్పుడు ముప్పై నాలుగు డబ్బాలకూ చీటీలు అంటించి అక్షరక్రమంలో పెట్టాను. స్నానాల వేళలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు తగిలించాను. నేను రిటైరైన రోజు బడిలో ఇచ్చిన ఇత్తడి గంట ఉంది కదా, ఊరికే అటక మీద పడి ఉండడమెందుకని తెచ్చుకున్నాను. భోజనానికి ముందు రెండుసార్లు కొడితే ఇల్లంతా కదులుతుంది. ఇల్లంతా అంటే ఇద్దరు మనుషులే అనుకో.

అల్లుడు మంచివాడే కానీ తొందర మనిషి. కళ్ళద్దాల దుకాణంలో ఏం ముంచుకొస్తుందో నాకు తెలియదు. నిన్న పొద్దున్న, "ఏం బాబూ, ఇవాళ కూడా టిఫిను అక్కర్లేదా?" అన్నాను. "దుకాణంలో తింటానండీ, అద్దాలు తెమలాలండీ," అంటూ చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు. చెప్పులు వేసుకునే తీరిక కూడా లేదు పాపం. అమ్మాయి ఆదివారాలు కూడా డ్యూటీ అడిగి వేయించుకుంటోంది. పనిమీద ఆ శ్రద్ధ నా పెంపకం. నేను లేకపోతే వీళ్ళిద్దరూ ఏమైపోతారో అని భయం వేస్తుంది.

కళ్ళు పరీక్ష చేయించుకో.

మీ అక్క


జూన్ 21

అక్కకు,

కళ్ళు బాగానే ఉన్నాయి. మిల్లీగ్రాము తూకపు రేకుమీది అంకె కనబడుతోంది.

ఈ వారం కొంచెం ఎక్కువ చూశాను. దేన్నీ ముట్టుకోనప్పుడు కూడా నులితీగ ఊరికే ఉండదు. గాలిలో మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. కిటికీ గాజుకు కొంచెం దూరంగా దాని కొస ఎక్కడుందో పావుగంటకోసారి గాజుమీద మైనం పెన్సిలుతో చుక్క పెట్టాను. చుక్కలు కలిపితే కోడిగుడ్డు ఆకారం వచ్చింది. ఒక చుట్టు తిరగడానికి గంటా యాభై నిమిషాలు. గాజు తుడవమని మెట్ల దగ్గరి దర్జీ రోజూ చెబుతున్నాడు. తుడవలేదు.

ఇంకొకటి. పందొమ్మిదో తారీకున ఒకే నులితీగను పది నిమిషాలకోసారి పట్టకారుతో రుద్దుతూ పోయాను. మొదటి నాలుగుసార్లూ వంగింది. ఐదోసారి, ఆరోసారి సగమే వంగింది. ఎనిమిదోసారి నుంచి ఏం చేసినా చలనం లేదు. బతికే ఉంది, పచ్చగానే ఉంది. మరీ ఎక్కువగా ముట్టుకుంటే పట్టించుకోవడం మానేస్తుందని రాసుకున్నాను. మర్నాడు దాని జోలికి పోకుండా వదిలేస్తే సాయంత్రానికి మళ్ళీ మామూలైంది.

స్వెట్టరు పారెయ్యలేదు.

నీ తమ్ముడు


జూన్ 25

ఏమిరా,

నీకు నోరు లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంత లోతుగా పొడవడం ఎక్కడ నేర్చుకున్నావు?

నీ ఉత్తరం వచ్చేసరికి నేను కూర తరుగుతున్నాను. అమ్మాయిని చదవమన్నాను. "మరీ ఎక్కువగా ముట్టుకుంటే పట్టించుకోవడం మానేస్తుంది" అన్న చోటికి వచ్చేసరికి అది ఆగిపోయింది. అల్లుడికి పొలమారింది. నీళ్ళు కూడా తాగడం లేదు అప్పుడు, దేనికి పొలమారిందో! తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఏమిటే?" అన్నాను. "ఏం లేదమ్మా, మామయ్య భలే గమనిస్తాడు," అంది.

భలే గమనిస్తాడు! ఆరు గంటల ప్రయాణం దూరంలో కూర్చుని నన్ను గమనించాడు! చెప్పదలచుకున్నది మొహం మీద చెప్పు. దోసపాదు మీద పెట్టి అనడం ఎందుకు? నేను పదే పదే రుద్దుతున్నానా? నేను పట్టకారునా? ఆ పిల్ల కాలు విరగ్గొట్టుకుని మంచం మీద ఉన్నప్పుడు ఈ పట్టకారే కదా దానికి తల దువ్వింది? అప్పుడు ఎవరూ "చలనం లేదు" అని పుస్తకంలో రాసుకోలేదే.

అమ్మాయి నీతో ఏమైనా అందా? అంటే చెప్పు. లేకపోతే ఇకమీదట నీ మొక్క సంగతులు నాకు రాయకు. నాకు సూటిగా రాసే ఉత్తరాలు చాలు.

మీ అక్క


జూన్ 29

అక్కకు,

అమ్మాయి ఏమీ అనలేదు. నేను దోసపాదు గురించే రాశాను. ఇకమీదట రాయను.

ఇక్కడ వాన పడింది.

నీ తమ్ముడు


జూలై 4

ఒరేయ్ ముంగీ,

నాలుగు వాక్యాలు! తపాలా వాడు కవరు ఇస్తూ, "లోపల ఏమైనా ఉందాండీ?" అని అడిగాడు. "ఇక్కడ వాన పడింది" అంటే ఏమిటి? ఎవరి కన్నీళ్ళు? రెండు రోజులు ఆలోచించాను, తేలలేదు. నువ్వు రాస్తే ఒక బాధ, రాయకపోతే ఇంకొకటి. సరే, రాసుకో నీ మొక్క గురించి. నేను పట్టించుకోను.

అసలు నీ మాట ఎంత నిజమో చూద్దామని నేను కూడా ఒక దోసపాదు కొన్నాను. మొక్కలు అమ్మేవాడు కుండీతో సహా తెచ్చి అమ్మాయి బాల్కనీలో పెట్టాడు. గాలిలో గుండ్రంగా తిరగడం, ఏమిటా వేషాలు? బడిలో నలభై మంది పిల్లల్ని ఒకే వరసలో నిలబెట్టినదాన్ని. నాలుగు కర్రలు పాతి, ప్రతి నులితీగనూ దారంతో కర్రకు కట్టేశాను. ఒక్కటీ వదల్లేదు. పదమూడు ముళ్ళు. ఇప్పుడు చూడడానికి ఎంత ముచ్చటగా ఉందో! "ఇదేంటమ్మా, కట్టుకట్టినట్టుంది," అంది అమ్మాయి. కట్లు చూసీ చూసీ దానికి అన్నీ అలాగే కనబడతాయి.

ఇంకొక సంగతి. అమ్మాయి స్నేహితురాలు ఎవరో ఈ ఊళ్ళో ఇల్లు వెతుక్కుంటోందట. పాపం, దానికోసం వీళ్ళిద్దరూ వరసగా మూడు సాయంత్రాలు ఇళ్ళు చూడడానికి వెళ్ళారు. నేనూ వస్తానన్నాను, గోడల చెమ్మ పట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు కదా. "వద్దమ్మా, మెట్లున్నాయి," అంది. ఎన్ని మెట్లు ఎక్కలేదు నేను! నిన్న అల్లుడు టేపు తెచ్చి ఇంట్లో మంచం, బీరువా కొలుచుకున్నాడు. "ఆ పిల్లకీ ఇలాంటి మంచమే ఉందండీ, పడుతుందో లేదో అని," అన్నాడు. ఒకరి కోసం ఇంత పాటుపడే పిల్లలు ఈ రోజుల్లో ఎక్కడున్నారు? సామాను కట్టే రోజున నేను దగ్గరుండి చూస్తానని మాటిచ్చాను. అల్లుడు ఎంతో మర్యాదగా తల ఊపాడు.

వాన సంగతి ఈసారైనా తేల్చు.

మీ అక్క


జూలై 9

అక్కకు,

వాన అంటే వానే. ఆ రోజు పొద్దుటినుంచి నాలుగింటిదాకా పడింది. చినుకులు నులితీగల మీద టపటపా కొట్టాయి. ఒక్కటీ వంగలేదు. రెండు మిల్లీగ్రాముల పోగుకు వంగేవి అంత బరువైన చినుకుకు వంగవు. పట్టుకోదగినది ఏదో, కానిది ఏదో వాటికి తెలుస్తున్నట్టుంది. ఇది రాయవద్దన్నావు కాబట్టి "వాన పడింది" అని ఆపేశాను.

కట్టిన ముళ్ళు విప్పు. ఒకచోట నేనూ కట్టి చూశాను. కట్టినంత మాత్రాన అది పట్టు కాదు, దారం జారితే పాదు జారుతుంది. తనంతట తాను పట్టుకున్న నులితీగ మర్నాటికి స్ప్రింగులా చుట్టుకుని పాదును దగ్గరికి లాక్కుంటుంది. ఆ స్ప్రింగు సగందూరం కుడివైపు, మిగతా సగం ఎడమవైపు తిరుగుతుంది, నడుమ చిన్న తిన్నటి ముక్క ఉంటుంది. మొదట నమ్మలేదు. తర్వాత రాగితీగను రెండు కొసలా బిగించి మెలితిప్పి చూశాను. రెండు కొసలూ కదలనప్పుడు ఇంకోలా కుదరదు. గాలి గట్టిగా వీస్తే అది సాగుతుంది, ఆగితే ముడుచుకుంటుంది, తెగదు. నా దుకాణంలోని స్ప్రింగు త్రాసుల్లో ఏదీ ఇంత మర్యాదగా ప్రవర్తించదు.

ఇంకొక పద్దు.

జూలై 6, ఉదయం 8: కర్రను పాదుకు మూడు జానల దూరం జరిపాను.

జూలై 8, ఉదయం 8: పాదే దాని దగ్గరికి వచ్చి పట్టుకుంది.

అమ్మాయి ఫోన్ చేసింది. బాగానే ఉందట.

నీ తమ్ముడు


జూలై 15

ఒరేయ్,

"దోసపాదు గురించే" అని ఈసారి ఒట్టు పెట్టకు, కళ్ళు పోతాయి. కర్రను దూరం జరిపాడట, పాదే వచ్చిందట! కర్ర ఎవరో నాకు తెలియదనుకున్నావా? ఇద్దరు సూపర్వైజర్లను, ముగ్గురు ఇన్‌స్పెక్టర్లను చూసినదాన్ని, ఎవరు ఏ మాట ఎవరి మీద పెట్టి అంటున్నారో వాసన పట్టగలను. ఆ స్ప్రింగు కథ కూడా అర్థమైంది. అమ్మాయి ఇటు, అల్లుడు అటు, నడుమ తిన్నటి ముక్కను నేను.

సరే. నీ ప్రయోగం నేనే చేసి చూపిస్తాను. పద్దెనిమిదిన నా ఇంటికి వెళ్ళిపోతున్నాను. ఇంట్లో చెప్పేశాను. వద్దు వద్దని గొడవ చేస్తారని, ఏం చెప్పి ఒప్పించాలో ముందే రాసి పెట్టుకున్నాను. ఆ కాగితం తియ్యాల్సిన పని పడలేదు. అల్లుడు అటక మీదున్న నా సూట్‌కేసును కుర్చీ కూడా వేసుకోకుండా ఎగిరి అందుకున్నాడు. ఐదు నెలల్లో ఆ మనిషి ఎగరడం నేను చూడలేదు. దుమ్ము కూడా తనే తుడిచాడు. అమ్మాయి కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "తొమ్మిదిన్నర బస్సైతే ఖాళీగా ఉంటుందమ్మా," అంది.

ఖాళీగా ఉంటుందట.

నీ పాదుకు రెండు రోజులు పట్టింది కదా. మనుషులు కాబట్టి నేను రెండు వారాలు ఇస్తున్నాను.

బాల్కనీలో దోసపాదు ముళ్ళు విప్పాను. విప్పగానే మూడు తీగలు కింద పడ్డాయి. నీ మాటలు అన్నీ ఇలాగే ఉంటాయి.

మీ అక్క


ఆగస్టు 2

ఒరేయ్ ముంగీ,

ఈ ఉత్తరం నా ఇంటినుంచి రాస్తున్నాను. రెండు గదులు, ఒక వంటిల్లు, గోడ గడియారం. పదిహేను రోజులుగా ఈ గడియారం ఎంత గట్టిగా కొట్టుకుంటుందో వింటున్నాను. ఇంతకుముందు ఇది చప్పుడు చేసేదని నాకు తెలియదు. పొద్దున బడికి వెళ్ళేదాన్ని, సాయంత్రం దిద్దే పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. దానికి నోరు విప్పే అవకాశం ఎక్కడ ఇచ్చాను?

రెండు వారాలు నిన్నటితో అయిపోయాయి. పాదు రాలేదు. ఫోన్ చేస్తుంది, అది వేరే సంగతి. "బాగున్నావా అమ్మా? మందులు వేసుకున్నావా? సరే, ఉంటా." ఇంతే. గడియారం ముందు కూర్చుని చూశాను, మొత్తం యాభై సెకన్లు. ఎక్స్‌రే తీసేటప్పుడు "ఊపిరి బిగబట్టండి, అయిపోయింది" అంటారు చూడు, అలా మాట్లాడుతుంది నాతో.

నీ కర్ర ఇంకెంత కాలం నిలబడాలి? నీ పద్దులో ఎక్కడా రాయలేదే. నువ్వు గొప్ప పరిశోధకుడివి, నేను పిచ్చిదాన్ని. దోసపాదు మాట నమ్మి, ముద్దలు కలిపిపెట్టే కూతుర్ని వదిలి వచ్చాను. కలిపిపెట్టేది నేనే అనుకో.

నిర్ణయించుకున్నాను. పన్నెండో తారీకు పొద్దున బస్సుకు వెళ్తున్నాను. చెప్పకుండా వెళ్తాను. గుమ్మంలో నిలబడి, "నేను ఏం తప్పు చేశానే?" అని మొహం మీద అడుగుతాను. జవాబు చెప్పేదాకా కదలను. సూట్‌కేసు సర్ది ఉంచాను.

మీ అక్క


ఆగస్టు 5

అక్కా,

పన్నెండున వెళ్ళకు.

జూలై 8 నాటి పద్దు అబద్ధం. కర్రను మూడు జానల దూరం జరిపిన మాట నిజం. పాదు రాలేదు. రెండు రోజులూ నులితీగ గాలిలో తిరుగుతూనే ఉంది, దాని చుట్టు కర్రదాకా చేరలేదు. కర్ర ఎక్కడుందో దానికి తెలియదు. తగిలితేనే తెలుస్తుంది. నా పుస్తకంలో నిజమే రాసుకున్నాను. నీకు రాసిన ఉత్తరంలో మార్చాను.

జూలై 7 మధ్యాహ్నం అమ్మాయి ఫోన్ చేసింది. బాగానే ఉందని రాశాను. అదీ నిజం కాదు. అది అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను. "మామయ్యా, మేం ఇల్లు మారిపోతున్నాం. స్నేహితురాలికి కాదు, మాకే. ఒకటే గది ఉన్నది కావాలని వెతికాం. రెండో గది ఉంటే అమ్మ ఉంటుందని. నేనేం మనిషిని మామయ్యా? కాలు విరిగినప్పుడు నన్ను ఎత్తి స్నానం చేయించింది. ఇప్పుడు గంట వినబడితే నాకు గుండె దడ వస్తోంది. ఇంటికి రావాలనిపించక ఆదివారాలు డ్యూటీ వేయించుకుంటున్నా. నువ్వైనా చెప్పు. నేను చెప్తే అమ్మ జన్మలో మర్చిపోదు."

చాలాసేపు ఏడ్చింది. చెబుతానని మాటిచ్చాను. ఆ సాయంత్రం నాలుగు కాగితాలు తీశాను. నాలుగింటిమీదా "అక్కకు" అన్నంత వరకే వచ్చింది. నాకు ఇలాంటివి రాయడం రాదు, నీకు తెలుసు. నా చేత కాక దోసపాదు చేత చెప్పించాను.

అంతకుముందు రాసినవన్నీ దోసపాదు గురించే. నీమీద పెట్టి రాసింది ఆ ఒక్క పద్దే. పాదు గురించి రాసినవాటిలో అదొక్కటే అబద్ధం.

నువ్వు వచ్చేశాక వాళ్ళు ఆ ఇల్లు వద్దనుకున్నారు. అల్లుడు ఇంట్లో టిఫిను తింటున్నాడట. పన్నెండున నువ్వు సూట్‌కేసుతో దిగితే నెల తిరగకుండా మారిపోతారు. ఈసారి అడ్రసు నాకు కూడా చెప్పరేమో.

నువ్వు ఆగితే అమ్మాయి వస్తుందని రాయాలని ఉంది. అది నేను చూడలేదు. చూడనిది ఒకసారి రాశాను, చాలు.

నీ తమ్ముడు


ఆగస్టు 9

ముంగీ,

ఒకటే గది ఉన్న ఇల్లా?

సూట్‌కేసు విప్పేశాను. నువ్వు పుట్టి బుద్ధెరిగాక రాసిన ఒకే ఒక్క అబద్ధం నాకోసం దాచిపెట్టావు. చాలా సంతోషం. ఎంత పొదుపరివి!

వాళ్ళ ఇంట్లో ఫ్రిజ్ మీద ఆ వేళల కాగితం ఇంకా ఉందా? ఉంటే తీసెయ్యమని అమ్మాయికి చెప్పు. వద్దు, చెప్పకు. నేను చెప్పించానని తెలుస్తుంది.

రెండు నెలలు నీకు ఉత్తరం రాయను.

అక్క


ఆగస్టు 13

అక్కకు,

ఉత్తరం అందింది. తూచలేదు.

అమ్మాయికి ఏమీ చెప్పలేదు. ఇకమీదట ఎవరికీ ఎవరి తరఫునా ఏమీ చెప్పను. దర్జీ కిటికీ గాజు తనే తుడిచేశాడు. నాకు చెప్పకుండా తుడిచి, శుభ్రంగా ఉంది కదా అని నన్నే అడిగాడు. ఉందన్నాను.

నీ తమ్ముడు


ఆగస్టు 28

ఒరేయ్ ముంగీ,

రెండు నెలలు అన్నాను, పంతొమ్మిదో రోజున రాస్తున్నాను. రాసుకో నీ పుస్తకంలో.

నీ ఉత్తరం వచ్చాక అమ్మాయికి ఒక ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. మొదటిసారి ఐదు పేజీలు వచ్చింది. చదువుకున్నాను. తప్పు ఎవరిదో తేల్చేసి మార్కులు కూడా వేసి ఉంది. చించేశాను. రెండోది ఒకటిన్నర పేజీ. మూడోది ఒకటే వాక్యం, అందులో కూడా రెండు సలహాలున్నాయి. "వేళకు తిను" లేకుండా నాకు చెయ్యి ఆడడం లేదు, ఏం చెయ్యను?

అప్పుడు చేతిసంచీలో వాళ్ళింటి తాళంచెవి కనబడింది. వెళ్ళిన మొదటి వారంలోనే అడిగి మరీ ఒకటి చేయించుకున్నాను. నాకు ఇవ్వండి అని ఊరికే అడగలేదు, "రేపు నాకు తలుపెవరు తీస్తారు?" అని అడిగాను. దాన్ని కవర్లో పెట్టి, కాగితం ముక్క కూడా పెట్టకుండా, రిజిస్టరు చేసి పంపేశాను. తపాలా కచేరీలో గుమాస్తా, "లోపల ఉత్తరం లేదాండీ?" అన్నాడు. "అదే ఉత్తరం," అన్నాను. పిచ్చిదనుకున్నాడు. నీ అక్కనే కదా.

మొన్న ఆదివారం పదకొండింటికి తలుపు తట్టారు. తీస్తే అమ్మాయి. చేతిలో ఆ తాళంచెవి.

"ఇదేంటమ్మా?"

"తాళంచెవి."

"అది కనబడుతోంది. ఎందుకు పంపావు? కోపమా?"

"కాదు."

"మరేంటి?"

"మీ ఇంటిది. మీ దగ్గరే ఉండాలి."

అది ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసినట్టు నా మొహంలోకి చూసింది. ఏ ఎముక ఎక్కడ విరిగిందో కనబడిందేమో. లోపలికి వచ్చి కూర్చుంది. టీ పెట్టాను. మనిషి కొంచెం చిక్కింది, కళ్ళకింద నలుపు వచ్చింది, సంచీ జిప్పు తెగిపోయి పిన్నీసు పెట్టుకుంది, డ్యూటీ చెప్పులు మడమ దగ్గర అరిగిపోయాయి. అనడానికి పదకొండు సంగతులు లెక్కపెట్టుకున్నాను. ఒక్కటీ అనలేదు. ఆ నలభై నిమిషాలూ నా నాలుక ఎంత బరువు మోసిందో తూచే త్రాసు నీ దగ్గర లేదు, వెతకకు.

తర్వాత ఏం జరిగిందో విను. టీ గ్లాసు కడుగుతానని వంటింట్లోకి వెళ్ళింది. ఎంతకీ రాదు. వెళ్ళి చూస్తే నా డబ్బాలన్నీ కిందకు దించింది. "ఈ పప్పుకి పురుగు పట్టింది, చూసుకోవా అమ్మా? మందులు ఎండ తగిలే చోట పెడతారా ఎవరైనా? ఈ స్టూలు ఎక్కుతున్నావా నువ్వు? కాలు విరిగితే నా దగ్గరికే వస్తావు, గుర్తుంచుకో!" పావుగంట నా వంటిల్లు నాది కాకుండా చేసింది. ఒళ్ళు మండిపోయింది, దాచడమెందుకు. ఇది ఎక్కడ నేర్చుకుందో అని అడగబోయి, ఎక్కడ నేర్చుకుందో గుర్తొచ్చి ఊరుకున్నాను. నా ఎదురుగా నన్నే నిలబెడితే ఇంత విసుగ్గా ఉంటానని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఆ ఫ్రిజ్ కాగితం ఇంకా తియ్యలేదు. ఆయన స్నానం మాత్రం ఇప్పటికీ ఆరూ నలభైకే," అని నవ్వింది. నేను నవ్వాలో వద్దో తెలియక గడప చూస్తూ నిలబడ్డాను.

"అమ్మా, నీ ఇంటి తాళంచెవి నాకెప్పుడూ ఇవ్వలేదు, తెలుసా?"

"నువ్వు అడగలేదు."

"మా ఇంటిది నువ్వు అడిగావు. నీ ఇంటిది నాకు ఇవ్వాలని నీకు తట్టలేదు, అడగాలని నాకూ తట్టలేదు." సంచీ భుజానికి తగిలించుకుంది. "ఇప్పుడు అడుగుతున్నా. ఎప్పుడైనా ఓ ఆదివారం నువ్వు బజారుకు వెళ్ళి ఉంటే, నేను బయట మెట్ల మీద కూర్చోవాలా?"

ముప్పై ఆరేళ్ళు బడిలో "లోపలికి రావచ్చా టీచర్?" అని అడిగినవాళ్ళకు తల ఎత్తకుండా చెయ్యి ఊపినదాన్ని. ఆ పిల్ల అడిగితే తల ఎత్తానురా. కూర్చోవద్దన్నట్టు అడ్డంగా ఊపాను. చూసిందో లేదో తెలియదు, మెట్లు దిగిపోయింది.

రేపు పొద్దున్నే తాళాలు చేసే ఆయన దగ్గరికి వెళ్తున్నాను. ఒకటే చేయిస్తాను. నీకు చేయించను, ఆశ పెట్టుకోకు. నాలుగేళ్ళయింది నువ్వు ఈ గుమ్మం తొక్కి. నువ్వు వస్తే తలుపు కొట్టు. ఇంట్లో ఉంటే తీస్తాను. లేకపోతే అమ్మాయి తీస్తుంది.

మీ అక్క